రొమేనియాలో 770వ డిక్రీ: ఫ్యాక్టరీలో ఇంజనీరు, లెక్కల్లో గర్భం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. నియంతృత్వం అంటే ఆడవాళ్లని వంటింటికి పరిమితం చేయడమే అనుకున్నారు. తీరా చదివితే కమ్యూనిస్టు రొమేనియాలో ఆడవాళ్లు ఇంజనీర్లుగా, డాక్టర్లుగా, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లుగా ఉన్నారు, పార్లమెంటులోనూ కనిపిస్తున్నారు. అదే దేశంలో అబార్షన్ నిషేధించారు, పనిచేసే చోటే గర్భ పరీక్షలు చేశారు. ఈ రెండూ ఒకచోట ఎలా పొసిగాయి, ఆ నిషేధంతో జనాభా నిజంగా పెరిగిందా అని అడిగారు. చివర్లో, ఇప్పుడు మన దగ్గర కూడా ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నారు కదా, దీన్ని ఎలా చూడాలి అన్నారు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో గైనకాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. రొమేనియా కథ మా వైద్యులకు చరిత్ర పాఠం కన్నా కేస్ షీట్‌గా ఎక్కువ తెలుసు. బాలింత మరణాల గురించి చదువుకున్న ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఆ దేశం గ్రాఫ్ చూసి ఉంటారు. కాబట్టి ఆ వైపు నుంచే చెబుతాను.

ముందు పొసగడం గురించి. బయటి నుంచి చూస్తే వైరుధ్యంలా ఉంటుంది గానీ, ఆ ప్రభుత్వం దృష్టిలో అందులో వైరుధ్యమే లేదు. దేశానికి ఫ్యాక్టరీల్లో చేతులు కావాలి, కాబట్టి ఆడవాళ్లు పనికి రావాలి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా చేతులు కావాలి, కాబట్టి వాళ్లే పిల్లల్ని కనాలి. రెండూ ప్లానింగ్ శాఖ లెక్కలే. ఆడమనిషికి తనకంటూ ఏం కావాలన్న గడి ఆ రెండు లెక్కల్లోనూ లేదు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతాదంతా అది రోజువారీ జీవితంలో ఎలా అమలైందన్న వివరం.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వం 1948 రాజ్యాంగంలోనే స్త్రీ పురుషులు సమానమని రాసింది. అంతకు ముందు ఏడాదే ఆనా పాకర్ అనే ఆవిడ విదేశాంగ మంత్రి అయింది. ఆ పదవిలో కూర్చున్న తొలి మహిళల్లో ఆమెను చెప్పుకుంటారు. 1952లో పార్టీ లోపలి కుమ్ములాటలో ఆమెను తీసి పక్కన పడేశారు, అది వేరే కథ. 1957లో అబార్షన్‌ను చట్టబద్ధం చేశారు. అడిగితే చాలు, ఆసుపత్రిలో, చాలా తక్కువ ఖర్చుతో. కానీ గర్భం రాకుండా ఆపుకునే సాధనాలు మాత్రం ఇవ్వలేదు. మాత్రలు లేవు, లూపులు లేవు, నిరోధ్‌లు దొరికేది అంతంతమాత్రం. మొగుడూ పెళ్లాలిద్దరూ ఉద్యోగానికి పోవాలి, ఇరుకు ఫ్లాట్‌లో సర్దుకోవాలి. నెల తప్పితే ఆసుపత్రికి వెళ్లి తీయించుకోవడం అలవాటైపోయింది. 1965లో ఆ దేశంలో సుమారు 11 లక్షల అబార్షన్లు జరిగాయి. అంటే ఒక కాన్పుకి నాలుగు అబార్షన్లు. ఒక డాక్టరుగా నాకు ఈ అంకె కూడా బాగోలేదనిపిస్తుంది. కుటుంబ నియంత్రణ సాధనం చేతికివ్వకుండా అబార్షన్ ఒక్కటే ఇవ్వడం కూడా నిర్లక్ష్యమే. అయితే దీనికి మందు ఏమిటన్న దగ్గరే వాళ్లు దారి తప్పారు.

1965 మార్చిలో నికొలాయ్ చౌషెస్కు పార్టీ పగ్గాలు పట్టాడు. 1966 నాటికి అక్కడ ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.9కి వచ్చింది. జనాభా దాదాపు కోటీ 90 లక్షలు. పెద్ద దేశం, పెద్ద పరిశ్రమ, పెద్ద జనాభా ఉండాలని ఆయన కల. ఆ ఏడాది అక్టోబర్ 1న అబార్షన్‌ను నిషేధిస్తూ 770వ డిక్రీ, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, వచ్చింది. ఆడవాళ్లని అడిగింది లేదు, బహిరంగంగా చర్చించింది లేదు. తొమ్మిదేళ్లుగా అందరికీ అందుబాటులో ఉన్నది ఒక్కసారిగా నేరమైపోయింది. మినహాయింపులు కొన్ని పెట్టారు. వయసు 45 దాటాలి, లేదా అప్పటికే నలుగురు పిల్లల్ని పెంచుతూ ఉండాలి, లేదా ప్రాణాపాయం, వంశపారంపర్య జబ్బు, అత్యాచారం లాంటివి ఉండాలి. వయసు హద్దును 1972లో 40కి దించి, 1985లో మళ్లీ 45కి పెంచారు. ఆ 1985 సవరణలోనే నలుగురు పిల్లలన్నది ఐదుగురైంది.

డిక్రీ ఒంటరిగా రాలేదు. విడాకుల చట్టాన్ని ఎంత బిగించారంటే, అంతకు ముందు ఏటా వేలల్లో వచ్చే విడాకులు 1967లో దేశం మొత్తం మీద యాభైకి లోపే వచ్చాయి. 25 దాటినా పిల్లలు లేని వాళ్ల మీద, ఆడా మగా తేడా లేకుండా, అదనపు పన్ను వేశారు. పెళ్లి కాలేదన్నా, పిల్లలు పుట్టే యోగం లేదని డాక్టరు రాసిచ్చినా పన్ను పన్నే. గర్భనిరోధక సాధనాలను నిషేధిస్తున్నామని ఎక్కడా గట్టిగా ప్రకటించలేదు గానీ దిగుమతి ఆపేశారు, దేశంలో తయారు చేయలేదు. ఇక అవి దొరికింది దొంగచాటు బజారులోనే. ఇంకోవైపు ఐదుగురికి పైగా కన్న తల్లులకు పతకాలు, పదిమందికి పైగా కన్నవాళ్లకు ‘వీరమాత’ బిరుదు. ఆ బిరుదు స్టాలిన్ కాలపు రష్యా నుంచి అరువు తెచ్చుకున్నది.

మీ రెండో ప్రశ్న, జనాభా పెరిగిందా అన్నది. జననాలు ఒక్కసారిగా ఎగిశాయి, కానీ ఆ జోరు నిలవలేదు. 1966లో 2,73,678 మంది పిల్లలు పుడితే 1967లో 5,27,764 మంది పుట్టారు. ఒక్క సంవత్సరంలో దాదాపు రెట్టింపు. ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.9 నుంచి 3.7 దగ్గరికి ఎగబాకింది. జనాభా శాస్త్రం పాఠాల్లో ఈ నిట్టనిలువు గీతకి సాటి వచ్చేవి చాలా తక్కువ. మెటర్నిటీ వార్డులు కిక్కిరిసిపోయాయి. ఆ పిల్లలకి ఆరేళ్లు వచ్చేసరికి బడుల్లో గదులు చాల్లేదు. ఆ తరాన్ని వాళ్ల భాషలో ఇప్పటికీ డిక్రీ పిల్లలనే పిలుస్తారు. 1989 డిసెంబర్‌లో చౌషెస్కుని దింపడానికి రోడ్ల మీదికి వచ్చిన కుర్రకారులో చాలామంది 20, 22 ఏళ్ల వాళ్లు. పుట్టిన సంవత్సరం మీరే లెక్క కట్టుకోండి.

తర్వాతే అసలు సంగతి. 1968 నుంచి గీత దిగడం మొదలైంది. చట్టం అలాగే ఉంది, శిక్షలు అలాగే ఉన్నాయి, పన్నూ అలాగే ఉంది. అయినా జననాల రేటు మొత్తం మీద తగ్గుతూ 1983కి వచ్చేసరికి వెయ్యి జనాభాకి 14 చిల్లర దగ్గర నిలిచింది. డిక్రీ రాకముందు, 1966లో ఉన్నది కూడా సరిగ్గా అంతే. అంటే పదిహేడేళ్ల బలవంతం తర్వాత బండి బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది.

ఎందుకు తగ్గిందంటే, మొదట్లో జనం దిమ్మెరపోయారు. వేరే దారి తెలియలేదు కాబట్టి కన్నారు. ఆ తర్వాత దారులు తెలిశాయి. ఏ డాక్టరు డబ్బు తీసుకుని చేస్తాడు, ఏ నర్సు ఇంటికి వస్తుంది, ఏ వీధిలో ఏ ముసలావిడకి ‘చెయ్యి తిరిగి ఉంది’ అన్న సమాచారం ఆడవాళ్ల మధ్య చెవుల్లో పాకింది. డబ్బున్నవాళ్లకి, పార్టీలో పలుకుబడి ఉన్నవాళ్లకి డాక్టరు దొరికాడు. లేనివాళ్లకి దొరికింది వంటగది బల్ల. కొందరు తమకు తామే చేసుకున్నారు. ఎలా చేసుకునేవాళ్లో రాయను, ఇక్కడ దాని అవసరం లేదు. ఆ పద్ధతుల ఫలితాలు మాత్రం మా వార్డుల్లో కూడా చూశాం కాబట్టి తెలుసు.

1984 మార్చిలో చౌషెస్కు మళ్లీ కన్నెర్ర చేశాడు. జననాల రేటు పడిపోయిందని వైద్యుల మీద, అధికారుల మీద మండిపడ్డాడు. మీరు చదివిన ఫ్యాక్టరీ పరీక్షలు జోరందుకున్నది ఆ తర్వాతే.

అవి ఎలా జరిగేవో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘హెల్త్ చెకప్’ అన్న ముసుగు కింద జరిగాయి కాబట్టి. ఒక బట్టల మిల్లు అనుకోండి. అక్కడ పనిచేసేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లే. ఒకరోజు మెడికల్ టీమ్ వస్తుంది. షిఫ్టు మధ్యలో మగ్గం దగ్గరి నుంచి ఒక్కొక్కరినీ పిలుస్తారు. కాన్సర్ పరీక్ష, ఇన్‌ఫెక్షన్ల పరీక్ష అని చెబుతారు. కొన్నిసార్లు అవీ చేస్తారు. కానీ రిజిస్టర్‌లో వాళ్లకి ముఖ్యమైన గడి ఒకటే, గర్భం ఉందా లేదా. చివరి నెలసరి ఎప్పుడు అని అడుగుతారు. గర్భం ఉందని తేలితే పేరు రాసుకుంటారు. అక్కడి నుంచి ఆ గర్భం ప్రభుత్వ రికార్డు. వచ్చే పరీక్షకి అది కనిపించకపోతే ఏమైందో చెప్పుకోవాలి. నిజంగానే దానంతట అది పోయినా సరే, ముందు అనుమానం, తర్వాతే వైద్యం. పరీక్షకి రానంటే కుదరదు. ఆరోగ్య సౌకర్యాలు ఆపేస్తామని బెదిరింపు ఉండేది. అక్కడి ఆడవాళ్లు ఈ బృందాలకి పెట్టిన పేరు ‘బహిష్టు పోలీసులు’. ప్రతి ఫ్యాక్టరీలో, ప్రతి ఊళ్లో ఇదంతా ఒకే తీవ్రతతో జరిగిందనుకోకండి. కొన్నిచోట్ల నెలనెలా, కొన్నిచోట్ల మూడు నెలలకోసారి, కొన్నిచోట్ల డాక్టరు మంచివాడైతే కాగితం మీద మాత్రమే. అయితే ఎప్పుడు ఎవరి వంతు వస్తుందో తెలియని భయం మాత్రం దేశమంతా ఉంది.

డాక్టర్ల పరిస్థితి కూడా చూడండి. జిల్లాకి జననాల టార్గెట్ ఉండేది. టార్గెట్ అందకపోతే డాక్టర్ల జీతంలో కోత. మన దగ్గర ఒకప్పుడు ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ల టార్గెట్లతో మార్చి నెల వస్తే ప్రైమరీ హెల్త్ సెంటర్లలో ఎంత టెన్షన్ ఉండేదో మా తరం వాళ్లకి గుర్తే. అక్కడ టార్గెట్ తిరగేసి ఉంది, అంతే. డాక్టరుకి పేషెంటు కనిపించడం మానేసి అంకె కనిపించడం మొదలవుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు.

ఇక ఆసుపత్రి వార్డు. నాకు ఈ కథ మొత్తంలో మింగుడు పడనిది ఇదే. బయట ఎక్కడో కడుపు తీయించుకుని, సగం మిగిలిపోయి, రక్తం పోతూనో జ్వరంతోనో ఒకావిడ వస్తుంది. గైనకాలజీ చదివిన ఎవరికైనా తెలుసు, అక్కడ గంటలు లెక్క. మిగిలిపోయిన ముక్కని తీసి, యాంటీబయాటిక్ పెట్టి, రక్తం ఎక్కిస్తే చాలామంది బతుకుతారు. ఆలస్యమైతే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోతుంది, కడుపు చెక్కలా బిగుస్తుంది, మూత్రపిండాలు మూలపడతాయి. రొమేనియాలో ఆ గంటల్లో మంచం పక్కన మిలిషియా (అక్కడి పోలీసు) మనిషో ప్రాసిక్యూటరో నిలబడేవాడు. ఎవరు చేశారో పేరు చెప్పు అని. పేరు చెప్పాక, అధికారి ఒప్పుకున్నాకే డాక్టరు ముట్టుకోవాలి. ఒప్పుకోకుండా ముట్టుకుంటే డాక్టరు జైలుకి పోవచ్చు. పేరు చెబితే చేసినవాళ్లు జైలుకి, చెప్పిన మనిషికీ శిక్ష. చాలామంది చెప్పలేదు. ఎందుకంటే చేసింది పక్కింటి స్నేహితురాలో, అక్కో, ఒక్కోసారి మొగుడో. అలా నోరు విప్పకుండానే పోయినవాళ్లు ఉన్నారు. రాత్రి ఎవరూ లేనప్పుడు దొంగతనంగా వైద్యం చేసి, కేస్ షీట్‌లో అపెండిక్స్ అనో ఇంకోటనో రాసిన డాక్టర్లూ ఉన్నారు. నేను వాళ్లకి మనసులోనే దండం పెట్టుకుంటాను.

1980లలో మా వార్డుకీ ఇలాంటి కేసులు వచ్చేవి. మన దేశంలో 1971లోనే అబార్షన్ చట్టం వచ్చింది, 1972 నుంచి అమల్లో ఉంది. అయినా ఊళ్లలో మంత్రసాని దగ్గరికి వెళ్లేవాళ్లు, దూరం వల్ల, సిగ్గు వల్ల, చట్టం ఉందని తెలియక. ఎవరు చేశారని మేమూ అడిగేవాళ్లం, లోపల ఏం పెట్టారో తెలిస్తే వైద్యానికి పనికొస్తుందని. ఆవిడ చెప్పేది కాదు. చెప్పకపోయినా థియేటర్‌కి తీసుకెళ్లేవాళ్లం. రెండు దేశాల మధ్య తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క వాక్యమే చెబుతాను. మన దగ్గరా ఆడవాళ్లు చచ్చిపోయారు, నిర్లక్ష్యం వల్ల. అక్కడ చచ్చిపోయింది ప్రభుత్వం రాసిన ఉత్తర్వు వల్ల.

ఇప్పుడు ఆ గ్రాఫ్. 1965లో రొమేనియాలో లక్ష కాన్పులకి సుమారు 85 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 1989 నాటికి అది 170 దగ్గరికి పెరిగింది. ఐరోపాలో అది అన్నిటికన్నా ఎక్కువ. పక్క దేశాలన్నిటిలో ఆ కాలంలో తల్లుల మరణాలు తగ్గుతూ వస్తుంటే ఇక్కడ మాత్రం పెరిగాయి. ఆ మరణాల్లో 85 శాతానికి పైగా అబార్షన్ వల్లనే. డిక్రీ ఉన్న 23 ఏళ్లలో అలా పోయినవాళ్లు అధికారిక లెక్కల్లోనే 9 వేలకు పైన, దాచిపెట్టినవి కలిపితే 10 వేలు దాటతాయంటారు. వాళ్లలో చాలామంది అప్పటికే తల్లులు. ఇంట్లో ఉన్న పిల్లల్ని పెంచలేకే కదా ఇంకొకటి వద్దనుకున్నది.

మళ్లీ సమానత్వం దగ్గరికి వస్తాను. 1970ల నుంచి పార్టీలో, పార్లమెంటులో ఆడవాళ్ల సంఖ్య పెంచాలని చౌషెస్కు పట్టుబట్టాడు. భార్య ఎలీనాని అధికారంలో పైపైకి తెచ్చాడు. 1980లో ఆవిడ ఉప ప్రధాని హోదాకి వచ్చింది. పెద్ద రసాయన శాస్త్రవేత్త అని ఆవిడకి బిరుదులు, డాక్టరేట్లు. ఆ పరిశోధనలు వేరేవాళ్లు రాసిపెట్టినవని తర్వాత బయటపడింది. దేశమాత అని పత్రికలు రాసేవి. జాతీయ మహిళా మండలి ఒకటి ఉండేది. డిక్రీ మీద అది ఒక్కసారైనా నోరెత్తి ఉంటే చెప్పుకోవచ్చు. ఎత్తలేదు, ఎత్తడానికి దాన్ని పెట్టలేదు. పైనుంచి వచ్చిన మాటని ఆడవాళ్ల గొంతుతో కిందికి చెప్పడం దాని పని. కుర్చీల్లో ఎంతమంది ఆడవాళ్లు కూర్చున్నారన్నది చూసి ఒక దేశంలో ఆడవాళ్ల స్థితి అంచనా వేయడం నాకు నమ్మకం లేని పద్ధతి, ఈ ఉదాహరణ వల్లే.

1980లలో ఇళ్లలో పరిస్థితి చూడండి. విదేశీ అప్పు మొత్తం తీర్చేస్తానని చౌషెస్కు శపథం పట్టాడు, 1989 వసంతానికల్లా తీర్చేశాడు కూడా. దానికోసం తిండిని ఎగుమతి చేశాడు. బ్రెడ్డు, నూనె, పంచదార, గుడ్లు అన్నీ రేషన్. మనుషులు అవసరానికి మించి తింటున్నారంటూ ఎవరెన్ని కేలరీలు తినాలో ప్రభుత్వమే పట్టిక వేసింది. చలికాలంలో ఫ్లాట్లలో హీటింగ్ గంటల తరబడి ఉండేది కాదు, కరెంటు పోయేది. పొద్దున్నే మాంసం కోసమో పాల కోసమో క్యూలో నిలబడి, తర్వాత ఎనిమిది గంటల షిఫ్టు చేసి, ఇంటికొచ్చి కట్టెల్లాంటి చేతులతో బట్టలుతికి, ఒంటి మీద కోటుతోనే పిల్లలకి అన్నం పెట్టేది ఎవరు? చట్టంలో సమానురాలైన ఆ ఇంజనీరమ్మే. మగవాళ్లు ఇంటిపని పంచుకోవాలని ఒక్క ప్రచారం కూడా గట్టిగా నడవలేదు. శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టారు గానీ వాటిలో పిల్లలెక్కువ, ఆయాలు తక్కువ. చాలామంది పిల్లల్ని పల్లెలో అమ్మమ్మ దగ్గర వదిలేసేవాళ్లు. ‘ఐదుగురిని కను’ అన్న ప్రభుత్వమే ఐదుగురికి పాలు దొరక్కుండా చేసింది. ఇక జననాల రేటు ఎందుకు పెరగలేదో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

కన్నా పెంచలేనివాళ్లు పిల్లల్ని ప్రభుత్వ హోముల్లో వదిలారు. 1989లో ఆ హోములు బయటి ప్రపంచం కంట పడినప్పుడు లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారని అంచనా. వాళ్లలో అత్యధికులు అనాథలు కారు, తల్లిదండ్రులు బతికి ఉన్నవాళ్లే. వైకల్యం ఉందని ముద్రపడ్డ పిల్లల్ని వేరే చేసి పడేసిన చోట్లు ఇంకా ఘోరం. చిగిద్ అనే హోము ఫొటోలు 1990లో ప్రపంచాన్ని కుదిపేశాయి. బలానికని పిల్లలకి కొద్దికొద్దిగా రక్తం ఎక్కించే అలవాటు, ఒకే సూదిని అందరికీ వాడటం, రక్తాన్ని పరీక్షించకపోవడం కలిసి వేలమంది పసివాళ్లకి హెచ్‌ఐవీ అంటింది. ఒక దశలో ఐరోపా మొత్తం మీద ఉన్న ఎయిడ్స్ పిల్లల్లో సగానికి పైగా ఒక్క రొమేనియాలోనే ఉన్నారు. ఎయిడ్స్ మా దేశంలో లేదు అన్నది అప్పటి అధికారిక వైఖరి, కాబట్టి పరీక్షలూ లేవు.

మిగతా నియంతృత్వాల గురించి టూకీగా. ముస్సోలినీ పెళ్లికాని మగవాళ్ల మీద పన్ను వేశాడు. హిట్లర్ ప్రభుత్వం 1933లో పెళ్లి అప్పులిచ్చి, పుట్టిన ఒక్కో బిడ్డకి పావు వంతు మాఫీ చేసింది. అదే ఏడాది వచ్చిన చట్టంతో దాదాపు 4 లక్షలమందికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసింది. ఎవరు కనాలో, ఎవరు కనకూడదో రెండూ తనే తేల్చింది. ఫ్రాంకో పాలనలోని స్పెయిన్‌లో పెళ్లయిన స్త్రీ ఉద్యోగం చేయాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా మొగుడి అనుమతి కావాలి. ఆ నిబంధన 1975 దాకా ఉంది. మీరు మొదట్లో అనుకున్న ‘వంటింటి నియంతృత్వం’ అంటే ఇదే. చైనా 1980 నుంచి 35 ఏళ్లపాటు ఒక్కరే చాలంది. దిశలు వేర్వేరుగా కనిపిస్తాయి. ఎక్కువ కనమన్నా, తక్కువ కనమన్నా, ఇంట్లో ఉండమన్నా, ఫ్యాక్టరీకి రమ్మన్నా, ఆ నిర్ణయం మాత్రం ఆమెది కాదు. అందుకే కమ్యూనిజమా ఫాసిజమా అన్న కోణంలో వీటిని విడదీసి చూసేవాళ్లతో నేను వాదించను గానీ, వార్డులో నిలబడి చూస్తే ఆ గీత నాకు కనిపించదు.

1989 డిసెంబర్ 25న చౌషెస్కు దంపతుల్ని కాల్చి చంపారు. మర్నాడు, 26న, కొత్త ప్రభుత్వం రద్దు చేసిన తొలి చట్టాల్లో 770వ డిక్రీ ఒకటి. జనం మనసులో అది ఎక్కడ ఉండేదో ఈ తొందరే చెబుతుంది. 1990లో దాదాపు 10 లక్షల అబార్షన్లు జరిగాయి, ఒక కాన్పుకి మూడు. చూశారా మళ్లీ మొదటికే వచ్చారు అని అప్పట్లో కొందరు ఎత్తిపొడిచారు. కానీ అదే ఏడాది తల్లుల మరణాలు ఒక్కసారిగా సగానికి పడిపోయాయి. కొత్త మందు ఏదీ రాలేదు, కొత్త ఆసుపత్రులు కట్టలేదు. ప్రాసిక్యూటర్ వార్డులోంచి బయటికి పోయాడు, అంతే. ఆ తర్వాత మాత్రలు, లూపులు, కుటుంబ నియంత్రణ క్లినిక్‌లు వచ్చేకొద్దీ అబార్షన్లూ తగ్గాయి. 2010 నాటికి ఏడాదికి లక్ష చుట్టుపక్కలకు దిగాయి. నిషేధం 23 ఏళ్లు ప్రయత్నించి చేయలేని పని సాధనాలు చేతికివ్వడం చేసింది.

చివరగా మన సంగతి. రొమేనియాని చూసి మన దగ్గర ఇలాంటివి జరగవనుకోనక్కర్లేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అందులో 62 లక్షలు మగవాళ్లకి, చాలాచోట్ల బలవంతంగా. దాంతో ఓట్లు పోయాయని గ్రహించిన రాజకీయ నాయకులు మళ్లీ మగవాళ్ల జోలికి పోలేదు. బరువంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే, మగవాళ్లలో ఒక్క శాతం కూడా లేరు. ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచి పదవికి పోటీ చేయకూడదన్న 1994 నాటి నిబంధన కూడా మనదే. దాన్ని ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసింది. ఎందుకంటే సగటు సంతానం 1.7కి వచ్చింది, ముసలివాళ్లు పెరుగుతున్నారని ఆందోళన మొదలైంది. ముప్పై ఏళ్ల కింద ఎక్కువ కంటే తప్పు, ఇప్పుడు తక్కువ కంటే తప్పు.

ముఖ్యమంత్రి ఎక్కువ మందిని కనమనడాన్ని, 770వ డిక్రీని ఒకే గాటన కట్టను. ఇక్కడ ఎవరూ రిజిస్టర్ పట్టుకుని నెలసరి తేదీ అడగడం లేదు. కనమని చెప్పడం వేరు, కనకపోతే శిక్షించడం వేరు. అయితే ఏ జనాభా విధానం వచ్చినా నేను కొన్ని ప్రశ్నలు వేసుకుంటాను. మీరూ వేసుకోవచ్చు. వద్దనుకున్న మనిషికి సురక్షితంగా వద్దనుకునే దారి తెరిచి ఉందా? కావాలనుకున్న మనిషికి ప్రసూతి సెలవు, నమ్మకమైన క్రెష్, ఉద్యోగం పోదన్న భరోసా ఉన్నాయా? పిల్లల సంఖ్యని బట్టి ఎవరి హక్కయినా, రేషనైనా, పదవైనా తగ్గుతుందా? ఆసుపత్రిలో డాక్టరు ఎవరికి జవాబు చెప్పుకోవాలి, పేషెంటుకా, టార్గెట్‌కా? పథకం పేరు ఎంత ముద్దుగా ఉన్నా, జీవో కాపీ తెచ్చుకుని మొదట ఈ నాలుగో ప్రశ్నకి జవాబు వెతకండి.